పద్నాలుగు గుర్తులు, ఒక డాలు: పెరంబూరు ఫాదర్ గారి లాంఛనం తయారైన తీరు

పెరంబూరులోని ఒక కతోలిక గురువుకు లాంఛనం, అంటే డాలు మీద గుర్తులతో ఉండే కోట్ ఆఫ్ ఆర్మ్స్, తయారుచేశాం. ముందు తుది ఫలితం చెప్పేస్తే మిగతాది సులువవుతుంది.

"తెల్లని డాలు. దాని మీద నీలి మూలమట్టం. దాని మూల డాలు ఎడమ అడుగున, పొడుగు చేయి నిలువుగా. ఆ మూల లోపల ఎర్రని ఈటె, మొన డాలు కుడి పైమూలకు. నీలి తలకట్టు మీద రెండు బంగారు గులాబీలు. డాలు పైన నల్ల టోపీ, అటూ ఇటూ ఒక్కో నల్ల కుచ్చు. ధ్యేయవాక్యం: నా ప్రభువా నా దేవా."

కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటే ఈ నాలుగు ముక్కలే, బొమ్మ కాదు. ఈ వర్ణనను బ్లేజన్ అంటారు. దీన్ని చదివి ఇద్దరు చిత్రకారులు రెండు రకాలుగా గీసినా, ఒకరి ఈటె సన్నగా, ఇంకొకరిది లావుగా వచ్చినా, రెండూ ఒకే లాంఛనం. ఫైలు పోయినా కంగారు లేదు, వాక్యం ఉంటే చాలు. అందుకే మా పనిలో గీత కంటే ముందు వాక్యం వస్తుంది. వాక్యంలో ఇమడని గుర్తు డాలులోనూ ఇమడదు.

మూలమట్టం అంటే వడ్రంగులు, ఫిట్టర్లు లంబకోణం సరిచూసే పనిముట్టు. తలకట్టు అనే మాట అక్షరాల నుంచి తెచ్చుకున్నాం. అక్షరం నెత్తిన తలకట్టు ఉన్నట్టే డాలు పైభాగాన, సుమారు మూడో వంతు ఎత్తులో, అడ్డంగా ఉండే పట్టీ అది. ఇక లాంఛనం మనకు పాత మాటే. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, మధ్యలో "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు ఉంటాయి. గుర్తు, దానితోపాటు ఒక మాట. యూరప్ డాలు సంప్రదాయం వేరే దారిలో వచ్చింది గానీ, తెలుగువాళ్లకు వివరించేటప్పుడు ఈ ముద్ర చూపిస్తే అరగంట ఉపన్యాసం తప్పుతుంది.

అడిగినవారు, అడిగినది

ఉత్తర చెన్నైలో ఒక విచారణ (పారిష్) గురువు. గుంటూరు వైపు నుంచి వచ్చి పెరంబూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. తండ్రి రైలు పెట్టెల కర్మాగారమైన ఐసీఎఫ్‌లో ఫిట్టరు. జ్ఞానస్నానపు పేరు తోమా. గురుపట్టాభిషేకానికి పాతికేళ్లు నిండుతున్నాయి. జూబిలీ కమిటీ ఆహ్వాన పత్రికకు, లెటర్‌హెడ్‌కు, గోడకు వేలాడే గుడ్డకు ఒక లాంఛనం కావాలంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాం. డాలు విషయంలో ఏదీ మార్చలేదు.

కమిటీ ఇచ్చిన జాబితాలో పద్నాలుగు గుర్తులు: లూర్దుమాత గుహ, శాంథోమ్ చర్చి గోపురం, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) శిలువ, పాత్రలో దివ్యసత్ప్రసాదం, తెరిచిన బైబిలు, పావురం, దీపం, నెమలి, పడవ, వరి కంకులు, మిరపకాయ, రైలు చక్రం, భారతదేశ పటం, అశోక చక్రం. దానికి జతగా ఇంటర్నెట్‌లో దొరికిన ఒక బిషప్ గారి లాంఛనం, "ఇలా ఉండాలి" అని.

డాలు బయట

ఆ నమూనాతోనే పేచీ మొదలైంది. డాలు లోపల ఉండేది మనిషి, బయట ఉండేది పదవి. లోపల ఏం పెట్టాలో మాట్లాడుకోవచ్చు. బయటిది ఎంచుకునేది కాదు, హోదాను బట్టి వచ్చేది.

కతోలిక గురువుల డాలు మీద కిరీటమో శిరస్త్రాణమో ఉండదు. వెడల్పు అంచుల గలేరో టోపీ ఉంటుంది, రెండు వైపులా తాళ్లు, వాటికి కుచ్చులు. 13వ శతాబ్దంలో నాలుగో ఇన్నోసెంట్ పాపు (పోప్) కార్డినల్స్‌కు ఎర్ర టోపీ ఇవ్వడంతో మొదలై, తర్వాత రంగు, కుచ్చుల లెక్క హోదాకు కొలతైంది. నిజం టోపీని ఆరో పాల్ పాపు 1969లో ఆపేశారు. డాలు మీద మాత్రం నిలిచింది. కుచ్చులను వరుసల్లో లెక్కపెట్టాలి. బిషప్‌కు ఆకుపచ్చ టోపీ, ఒక్కో వైపు 1, 2, 3 వరుసలు, మొత్తం 6. అగ్రపీఠాధిపతికి (ఆర్చిబిషప్) అదే ఆకుపచ్చ, ఇంకో వరుసలో 4 చేరి 10. కార్డినల్‌కు ఎర్ర టోపీ, 5 కూడా చేరి 15. మామూలు గురువుకు నల్ల టోపీ, ఒక్కో వైపు ఒక్కటే నల్ల కుచ్చు. మోన్సిన్యోర్ బిరుదు ఉంటే నల్ల టోపీకి ఊదారంగు కుచ్చులు ఆరేసి వస్తాయి. 2014 నుంచి మేత్రాసన (బిషప్ పాలనలోని ప్రాంతం, డయోసిస్) గురువుల్లో 65 ఏళ్లు దాటినవారికే ఆ బిరుదు కొత్తగా ఇస్తున్నారు కాబట్టి ఇక్కడ ఆ ప్రసక్తే లేదు.

కమిటీ తెచ్చిన నమూనాలో ఆకుపచ్చ టోపీ, ఆరేసి కుచ్చులు, డాలు వెనక నిలువు శిలువ, పైన మైటర్ అనే బిషప్ టోపీ, పక్కన కాపరి దండం. డాలు వెనక శిలువ బిషప్‌ది. అగ్రపీఠాధిపతికైతే రెండు అడ్డాల శిలువ. మైటర్, దండం సంగతి ఇంకా తమాషా. 1969 నాటి సూచనల ప్రకారం బిషప్‌లు, కార్డినల్స్ కూడా వాటిని లాంఛనంలో వాడకూడదు. బిషప్‌కే వద్దన్నదాన్ని విచారణ గురువు డాలు మీద పెట్టమంటున్నారన్న మాట. ఎవరి మీదా తప్పు మోపలేం. ఉచితంగా దొరికే వెక్టర్ బొమ్మల్లో ఎక్కువ భాగం బిషప్‌లవే. ప్రింటింగ్ ప్రెస్‌లో దాన్నే దింపి రంగు మార్చేస్తారు. రంగు మారుస్తారు గానీ కుచ్చులు తీయరు. నల్ల టోపీకి ఆరేసి నల్ల కుచ్చులు ఉంటే అది మఠాధిపతి అయిన ఎబట్‌కో బిషప్ సహాయకుడైన వికార్ జనరల్‌కో చెందుతుంది. అంటే రంగు మార్చి హోదా తగ్గించామనుకున్నది ఇంకో హోదాకు పోయి తగులుతుంది.

"ఒక్కో కుచ్చేనా? మరీ బోసిగా ఉందండీ" అన్నారు కమిటీ పెద్ద. ఆ మాటలో కొంత నిజం ఉంది. పరిష్కారం కుచ్చులు పెంచడంలో లేదు, గీతలో ఉంది. టోపీ అంచును డాలు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు చాపి, తాడుకు డాలు పక్కన ఒక ముడి వేసి, ఆ ఒక్క కుచ్చును డాలు సగం ఎత్తుదాకా బరువుగా వేలాడదీశాం. నల్ల టోపీని నిండు నలుపుతో నింపితే మసిగుడ్డలా ఉంటుంది. అంచు మడతకు, తాడు మెలికలకు సన్నని తెల్ల గీతలు వదలాలి. ముదురు మెరూన్ ఫ్లెక్స్ మీద వేసేటప్పుడు టోపీ మాయమవుతుంది, కాబట్టి వెనక లేతరంగు పలక తప్పదు.

అడ్డు చెప్పేవాళ్లు లేని దేశం

ఇంగ్లండులో 1484 నుంచి కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఉంది. లాంఛనం అక్కడ ప్రదానం చేయాలి. మన దేశంలో అలాంటి అధికారి లేరు. ఎవరైనా తమకు తామే డాలు ధరించవచ్చు. అడిగేవారు లేరు గనక పద్ధతిని మనమే పట్టుకోవాలి.

చట్టం రెండు చోట్ల మాత్రం అడ్డొస్తుంది. సింహాల రాజముద్రను 2005 చట్టం కాపాడుతోంది. అశోక చక్రం 1950 నాటి చిహ్నాల, పేర్ల చట్టం జాబితాలో ఉంది. దేశభక్తి చూపాలన్న కోరిక మంచిదే, దానికి డాలు చోటు కాదు. ఆ గుర్తు మొదటి రోజే పోయింది.

ఇంకోటి, ఇది చట్టం కాదు గానీ మర్చిపోతుంటారు: వ్యక్తిగత లాంఛనం విచారణ ముద్ర కాదు. కతోలిక సభ చట్టమైన కానన్ లా 535 ప్రకారం ప్రతి విచారణకూ తన సొంత ముద్ర ఉండాలి. జ్ఞానస్నాన, వివాహ సర్టిఫికెట్ల మీద పడాల్సింది అదే. ఫాదర్ గారి డాలు స్టాంపు ఆయన సొంత ఉత్తరాలకు, పుస్తకాల అట్ట లోపలికి. ఈ మాట ఒప్పందం కాగితంలోనే రాశాం.

పద్నాలుగులో పదకొండు పోయిన తీరు

పాత్ర, సత్ప్రసాదం, బైబిలు, పావురం, దీపం ఒకే దెబ్బకు పోయాయి. అవి ప్రతి గురువుకూ చెందుతాయి, ఈ గురువును చెప్పవు. భారతదేశ పటం వాక్యంలో ఒదగదు: "భారతదేశం ఆకారం" అని రాస్తే ఒక్కో చిత్రకారుడు ఒక్కో తీరం గీస్తాడు. శాంథోమ్ గోపురం ఒక ఫోటో, గుర్తు కాదు. పైగా గురువులకు బదిలీలుంటాయి. డాలు జీవితాంతం ఉంటుంది. ఇవాళ్టి విచారణను డాలులో పెడితే రేపటి విచారణలో సంజాయిషీ చెప్పుకోవాలి.

పరంగిమలై శిలువ మీద మాత్రం బాధ కలిగింది. 1547లో పోర్చుగీసువారు తవ్వుతుంటే బయటపడిన రాతి శిలువ, చుట్టూ కమాను, దాని మీద పహ్లవీ (ప్రాచీన పారశీక లిపి) రాత, పైన దిగివస్తున్న పావురం. కమానూ రాతా తీసేస్తే అది పరంగిమలైది కాకుండా పోతుంది; ఉంచితే 18 మిల్లీమీటర్ల డాలులో మరక అవుతుంది. నెమలి మయిలాపూరు పేరుతో ముడిపడిన పక్షి, ఈకల కళ్లు చిన్న సైజులో కలిసిపోతాయి. పడవను, వరి కంకులను తీసేస్తే ఎవరూ కిక్కురుమనలేదు.

మిరపకాయ నిజానికి చాలా మంచి గుర్తు. ఒకే రంగు, తెలిసిన ఆకారం, అరుదుగా తప్ప ఎవరూ వాడనిది, గుంటూరు అని కేక వేసి చెబుతుంది. తెల్లటి డాలు మీద ఎర్ర మిరపకాయ ముచ్చటగా ఉండేది. పక్కనే ఎర్ర ఈటె ఉండటంతో రెండూ దూరం నుంచి ఒకేలా కనిపించాయి. ఈటె లేని ఇంకో డాలు ఎప్పుడైనా వస్తే దాని సంగతి చూస్తాం.

చక్రం నుంచి మూలమట్టానికి

అన్నిటికంటే గట్టి పట్టు రైలు చక్రం మీద. తండ్రి జీవితమంతా ఐసీఎఫ్‌లో, ఆ కర్మాగారం మొదలైంది 1955లో, పెరంబూరు తెలుగు కుటుంబాల్లో చాలామంది అన్నం అక్కడిదే. న్యాయమైన కోరిక. చిక్కు గీతలో వచ్చింది. ఆకులతో గీస్తే ఎవరికైనా అశోక చక్రమే గుర్తొస్తుంది. ఆకులు తగ్గించి మేకులు పెడితే పునీత కేథరిన్ హింసాచక్రం అవుతుంది. నిజంగా రైలు పెట్టెలకు వేసే చక్రాలకు ఆకులే ఉండవు, నిండు ఉక్కు పళ్లేలు. నిండు పళ్లెం గీస్తే డాలు మీద గుండ్రటి చుక్క మిగులుతుంది, దానికి ఇంకో పేరుంది, అది రైలు కాదు.

ముడి విప్పింది ఫాదర్ గారి అక్కయ్య. గీతలు చూస్తూ, "చక్రం ఎందుకు బాబూ? నాన్న చేతిలో నేనెప్పుడూ చక్రం చూళ్లేదు. మట్టం చూశాను. ఆదివారం కూడా తలుపులకు పెట్టి కొలిచేవాడు" అన్నారు. కాసేపటికి ఆయన వైపు తిరిగి, "మీరే చెప్పండి ఫాదర్ గారూ" అన్నారు. ఇంట్లో తమ్ముడే అయినా నలుగురిలో ఆయన ఫాదర్ గారే.

అక్కడితో డాలు సగం అయిపోయింది. ఎందుకంటే యేసు శిష్యుల్లో ఒకరైన పునీత తోమాకు సంప్రదాయ గుర్తులు రెండు: ఈటె, మూలమట్టం. ఈటె ఆయన వేదసాక్షి మరణానికి. పరంగిమలై మీద ఈటెపోటుతో చనిపోయారని ఇక్కడి సంప్రదాయం. మూలమట్టం ఆయన కట్టడపు పనివాడన్నందుకు. గొండోఫారెస్ రాజు మేడ కట్టమని డబ్బిస్తే పేదలకు పంచేసి, పరలోకంలో కట్టానని చెప్పిన పాత కథ అందరికీ తెలిసిందే. ఒకే పనిముట్టు పేరుగల పునీతుడినీ తండ్రినీ కలిపి చెబుతోంది. ఒక గుర్తు రెండు పనులు చేస్తే ఇంకో గుర్తు అక్కర్లేదు. డాలులో ఖాళీ మిగలడం అలాగే వస్తుంది.

మొదటి గీత ఎందుకు చెత్తబుట్టలో పడింది

మొదటి గీతలో మూలమట్టాన్ని మూల పైకి, చేతులు కిందికి, ఇంటి వాసాల్లా పెట్టాం. పాత డాళ్లలో ఎప్పుడూ కనిపించే అమరిక: మధ్యన వాసం, పైన రెండు గులాబీలు, కింద ఈటె మొన. కంటికి చక్కగా ఉంది, వాక్యం చిన్నది, సమతూకం ఉంది.

ప్రింటు తీసి గోడకు అతికించాక పొరపాటు తెలిసింది. సమానమైన రెండు చేతులతో మూల పైకి ఉన్న కోణం, ఫ్రీమేసన్లు అనే రహస్య సోదర సంఘం గుర్తయిన వృత్తలేఖినిలా ఉంది. కింద ఈటె మొన చేరడంతో మేస్త్రీల లంబకపు మట్టం అయింది, అదీ ఫ్రీమేసన్ల గుర్తే. ఫ్రీమేసన్ సంఘాల్లో చేరడాన్ని కతోలిక సభ 1738లో పన్నెండో క్లెమెంట్ పాపు కాలం నుంచి నిషేధించింది. 1983 నవంబరు 26 ప్రకటనలో మళ్లీ చెప్పింది. కతోలిక గురువు డాలు మీద ఆ ఛాయ పడితే జూబిలీ రోజు గుళ్లో గుసగుసలు తప్పవు. గీసినవాడి ఉద్దేశం ఎవరికీ అక్కర్లేదు, చూసేవాడికి ఏం గుర్తొస్తుందన్నదే లెక్క.

సరిచేసింది ఇలా. చేతుల పొడవు వేరు చేశాం, ఫిట్టరు మట్టం ఎలాగూ అంతే: నిలువు చేయి పొడుగు, అడ్డం చేయి పొట్టి. మూలను కిందికి దించాం. ఈటెను కోణం లోపల ఏటవాలుగా పడుకోబెట్టాం. వృత్తలేఖిని పోలిక పూర్తిగా పోయింది.

పోయి, ఇంకోటి వచ్చింది. మూలను చూసేవారి ఎడమ అడుగున పెడితే అచ్చం ఇంగ్లీషు ఎల్ అక్షరం. "ఎల్ అంటే లూర్దా ఫాదర్?" అని కమిటీలోనే ఒకరు అడిగారు. పైగా ఆ అమరికలో ఈటె చూసేవారి కుడి పైకి పోతుంది, అంటే డాలు ఎడమకు. డాలు కుడి, ఎడమలు దాన్ని పట్టుకున్నవాడివి, చూసేవాడివి కావు. కుడి పక్కది గౌరవ స్థానం. కాబట్టి మొత్తం తిప్పి, మూలను డాలు ఎడమ అడుగుకు, అంటే చూసేవారి కుడికి తెచ్చాం. ఎల్ పోయింది, ఈటె మొన గౌరవ దిక్కుకు తిరిగింది. ఈ తిప్పుడు తర్వాత ఒక ప్రమాదం నుంచి కూడా కాపాడింది.

డాలు ఆకారం, కొలతలు

అడుగు మూలలో గుర్తు పెట్టగానే కోసుగా ముగిసే డాలు పనికిరాకుండా పోయింది. సరిగ్గా అక్కడే అది ఇరుకవుతుంది. అందుకే అడుగు అర్ధచంద్రాకారంలో ఉండే ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్) డాలు తీసుకున్నాం. 1606లో ఏర్పడిన మయిలాపూరు శాంథోమ్ మేత్రాసనం పోర్చుగీసు పద్రొవాదో (సభ మీద పోర్చుగల్ రాజు పోషకాధికారం) కిందిది కాబట్టి ఊరికీ నప్పింది. నప్పడం అదృష్టం, కారణం మాత్రం చోటే.

కొలతలు వెడల్పు 100, ఎత్తు 120 యూనిట్ల గడి మీద. పక్కలు 70 దాకా నిటారుగా, అక్కణ్నుంచి 50 వ్యాసార్ధపు అర్ధవృత్తం. తలకట్టు ఎత్తు 40. గులాబీలు 26 వ్యాసం, కేంద్రాలు ఎడమ అంచు నుంచి 28, 72 దగ్గర. మట్టం మందం 8. పొడుగు చేయి 56, పొట్టి చేయి 44. ఈటె కర్ర మందం 5, మొన పొడవు 18, వెడల్పు 12. మొత్తం సరిగ్గా 45 డిగ్రీల్లో, కోణాన్ని రెండుగా చీలుస్తూ. కర్ర చివర మూలను తాకకుండా సుమారు 8 యూనిట్ల ఖాళీ ఉంచాం. ఆ ఖాళీ వదలకపోతే చిన్న సైజులో రెండూ అతుక్కుని బాణంలా కనిపిస్తాయి. 18 మిల్లీమీటర్ల డాలులో ఈటె కర్ర 0.75 మిల్లీమీటర్లు వస్తుంది, ఆఫ్‌సెట్‌కు అది చాలు.

పరీక్ష: 12 మిల్లీమీటర్ల ప్రింటును జెరాక్స్, ఆ జెరాక్స్‌కు మళ్లీ జెరాక్స్, ఇలా మూడుసార్లు. మూడో కాపీలో గుర్తులన్నీ పేరు పెట్టి చెప్పగలగాలి. గులాబీ రేకుల మధ్య చీలికలు మొదట పూడుకుపోయాయి. ఐదు రేకుల మధ్య సందును వెడల్పు చేశాక నిలిచాయి.

నీలం, తెలుపు, రెండు గులాబీలు

పెరంబూరు లూర్దుమాత, గుణదల లూర్దుమాత, ఇద్దరి మధ్యా ఈ కుటుంబం నడిచింది. గుహ గీస్తే రాళ్లగుట్ట అవుతుంది. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మరియమాతను చూశానన్న బెర్నదెత్ చెప్పిన రూపంలో తెల్లని వస్త్రం, నీలి నడికట్టు, ఒక్కో పాదం మీద ఒక్కో పసుప్పచ్చ గులాబీ. తెల్లని డాలు, నీలి తలకట్టు, రెండు బంగారు గులాబీలు అక్కడివే. గుహ లేకుండానే లూర్దు వచ్చేసింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. అడగకపోతే అవి రెండు గులాబీలు, అందులోనూ తప్పేం లేదు.

రంగుల నియమం ఒక్కటే: బంగారం, వెండి లోహాలు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఊదా రంగులు. లోహం మీద లోహం వద్దు, రంగు మీద రంగు వద్దు. దూరం నుంచి కనిపించడానికి పుట్టిన నియమం. మొదట కమిటీ తెల్ల డాలు మీదే బంగారు గులాబీలు అడిగింది. ప్రింటు తీసి పది అడుగుల దూరంలో పెడితే గులాబీలు లేవు. జెరూసలేం లాంఛనంలో వెండి మీద బంగారు శిలువ ఉంది కదా అని ఒకరు వాదించారు. ఉంది. అది పేరుమోసిన మినహాయింపు కాబట్టే దాన్ని అందరూ చెప్పుకుంటారు.

వెండి అంటే ప్రింటులో తెలుపే, కాగితం వదిలేయడమే. బూడిదరంగు గ్రేడియంట్ వేస్తే డాలు స్టీలు పళ్లెంలా తయారవుతుంది. బంగారం అంటే పసుపు. మా ఫైలులో నీలం సయాన్ 100, మెజెంటా 75. ఎరుపు మెజెంటా 100, పసుపు 90. బంగారం మెజెంటా 25, పసుపు 100. ఈ అంకెలు ప్రెస్ సౌకర్యం కోసం మాత్రమే. బ్లేజన్‌లో "నీలం" అని ఉంటుంది, ఏ నీలమో ఉండదు.

ఎంత జాగ్రత్తపడ్డా గుర్తులను తప్పుగా చదివేవారుంటారు. ఫ్రాన్సిస్ పాపు డాలులో యోసేపు గారి జటామాంసి పువ్వును లోకమంతా ద్రాక్షగుత్తి అనుకుంది. 2013 మార్చిలోనే దాన్ని, నక్షత్రాన్ని సరిదిద్ది మళ్లీ విడుదల చేశారు. రెండో జాన్ పాల్ పాపు డాలులో ఒక శిలువ, ఒక ఎమ్ అక్షరం, ఎవరూ తికమకపడలేదు.

తెలుగు ధ్యేయవాక్యం కష్టాలు

లాటిన్ అడిగారు మొదట. ఫాదర్ గారే వద్దన్నారు. తోమా మాట, యోహాను సువార్త 20:28, తెలుగులోనే ఉండాలన్నారు. ఏడు అక్షరాలే, రిబ్బనుకు హాయిగా సరిపోతాయి. చిక్కు వెడల్పులో లేదు, ఎత్తులో ఉంది. లాటిన్ పెద్దక్షరాలు ఒకే పట్టాలో నడుస్తాయి. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు కావాలి. "ప్ర"లో క్రావడి అడుగు నుంచి చుట్టి ఎడమకు తిరుగుతుంది, రిబ్బను కింది అంచును తాకుతుంది. "భు"లో భ అడుగున ఉండే చిన్న నిలువు గీత పూడిపోతే "ప్రబువా" అవుతుంది. జూబిలీ కార్డు మీద అది పడితే పాతికేళ్లూ మర్చిపోరు. రిబ్బను ఎత్తును అక్షరం ఎత్తుకు రెండున్నర రెట్లు పెట్టాం, అక్షరాల మధ్య సందు పెంచలేదు. రిబ్బను వంపును చాలా తక్కువ చేశాం; వంపు ఎక్కువైతే ఒత్తులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. డాలు 25 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే ధ్యేయవాక్యం తీసేయాలని ప్రెస్‌లకు ఇచ్చే సూచనల షీటులో రాశాం.

యూనికోడ్ ఫాంటులో కూర్చి, చివర్లో ఔట్‌లైన్‌గా మార్చి ఇచ్చాం. ఒక ప్రెస్ అదే వాక్యాన్ని తమ పాత ఫాంటులో మళ్లీ టైపు చేసింది, "సైజు మార్చాలి" అని. ప్రూఫులో "దేవా" పక్కన ఒక కొమ్ము ఊరికే వేలాడుతూ వచ్చింది. అప్పట్నుంచి షీటు మొదటి లైను: మాటలు టైపు చేయవద్దు, బొమ్మగానే వాడండి.

గుడ్డ, ఇత్తడి, రబ్బరు

గోడ గుడ్డ మీద డాలు 110 మిల్లీమీటర్ల ఎత్తు, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. పంచింగ్ (కుట్టు ఫైలు తయారీ) చేసేవారికి కుట్టు దిశ చెప్పకపోతే మట్టం రెండు చేతులూ ఒకే దిశలో కుట్టేస్తారు, మూల దగ్గర మెరుపు మారదు, కోణం కనిపించదు. నిలువు చేతికి అడ్డం కుట్టు, అడ్డం చేతికి నిలువు కుట్టు. ఒక మిల్లీమీటరు కంటే సన్నటి భాగం శాటిన్ కుట్టుకు నిలవదు, 5 మిల్లీమీటర్ల కంటే చిన్న అక్షరం చదవలేం. గులాబీలకు మాత్రం మగ్గం వర్క్‌తో జరీ పెట్టించాం. డాలు తెల్లభాగాన్ని కుట్టలేదు, తెల్లగుడ్డే వదిలాం. పెద్ద భాగాన్ని నిండుగా కుడితే గుడ్డ ముడుచుకుపోతుంది. పూజావస్త్రం ముందుభాగాన ఈ డాలు వేయమన్న కోరికను వద్దన్నాం. అక్కడ ఉండాల్సింది క్రీస్తు, గురువు కాదు.

ఇత్తడి పలక మీద రంగులుండవు కాబట్టి పెత్రా సాంక్తా గీతల పద్ధతి. 1638 నాటి ఈ జెసూట్ పద్ధతిలో నీలానికి అడ్డగీతలు, ఎరుపుకు నిలువుగీతలు, బంగారానికి చుక్కలు, వెండికి ఖాళీ. గీతల మధ్య 0.8 మిల్లీమీటర్లు వదిలాం, ఎచింగ్ శుభ్రంగా వచ్చింది. అదే గీతలను 30 మిల్లీమీటర్ల స్టాంపులో పెడితే ఇంకు పట్టి నల్లగా పూడుతుంది. స్టాంపుకు వేరే గీత: తలకట్టు నిండు, గులాబీలు తెల్లగా, మట్టం నిండు, ఈటె అంచుగీత మాత్రమే.

ఆ స్టాంపే తిరగబడి వచ్చింది. రబ్బరు మీద బొమ్మ అద్దంలోలా చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. చుట్టూ పేరును తయారీదారు తన సాఫ్ట్‌వేర్‌లో కూర్చాడు, అది సరిగ్గానే పడింది. డాలు బొమ్మను మాత్రం ముందే ఒకసారి తిప్పి పెట్టుకున్నాడు. గులాబీలు రెండువైపులా ఒకటే, టోపీ రెండువైపులా ఒకటే, కుచ్చులూ అంతే. ఎవరి కంటా పడేది కాదు. కాగితం మీద వేసి చూడగానే ఎల్ అక్షరం కనిపించింది, తిప్పి పంపేశాం.

ఆ తర్వాత ప్రెస్‌లకు ఇచ్చే షీటులో బ్లేజన్ కింద ఒక లైను చేర్చాం: "మట్టం ఇంగ్లీషు ఎల్‌లా కనిపిస్తే బొమ్మ తిరగబడింది." ఫాదర్ గారికి ఎప్పుడైనా వేరే హోదా వస్తే టోపీ రంగు, కుచ్చుల లెక్క మార్చడానికి బయటి భాగాన్ని విడి లేయర్‌లో ఉంచాం. డాలు లేయర్‌కు తాళం వేశాం.